కత్తి పట్టిన చేత్తోనే ఓటుకు పోరాడిన సుజాన్ నోయెల్

ముఖం మీద ముడతలు పడితే ఏమవుతుంది? అద్దంలో చూసుకున్నప్పుడు కాస్త దిగులు, అంతేగా అనుకుంటాం. కానీ నలుగురిలో నిలబడి పనిచేసుకుని బతికే ఆడదానికి ఆ ముడతే జీతానికి ఎసరు పెట్టొచ్చు. దుకాణంలో వయసు మీరినామెను పక్కనపెట్టి పడుచుపిల్లను పెట్టుకునే యజమానులు ఇప్పుడే కాదు, వందేళ్ల కిందటా ఉన్నారు. ఆ సంగతి గ్రహించి, ముఖాన్ని సరిదిద్దే ఆపరేషన్ ని ఆడవాళ్ల బతుకుతెరువు సమస్యగా చూసిన డాక్టరమ్మ ఒకరు పారిస్ లో ఉండేవారు. ఆమె పేరు సుజాన్ నోయెల్. సౌందర్యం కోసం చేసే శస్త్రచికిత్సలో పేరు తెచ్చుకున్న తొలి మహిళా సర్జన్ గా ఆమెను చెప్పుకుంటారు.

నేను చర్మ వ్యాధుల డాక్టర్ని. ముడతలు పోతాయా, ఇంజెక్షన్ చేయించుకుంటే ఏమన్నా అవుతుందా, పెళ్లి సంబంధాలు చూస్తున్నారు మొటిమల గుంటలు ఎలా పోతాయి... ఇలాంటి ప్రశ్నలు రోజూ వింటుంటాను. అడిగేవాళ్లలో సగం మంది గొంతు తగ్గించి, ఏదో తప్పు చేస్తున్నట్టు అడుగుతారు. మిగతా సగం మంది ఇదేదో పార్లర్ పని అన్నట్టు తేలిగ్గా అడుగుతారు. రెండూ సరికాదని చెప్పడానికి సుజాన్ నోయెల్ జీవితాన్ని మించిన పాఠం నాకు కనబడలేదు.

పెళ్లయ్యాక మొదలైన చదువు

సుజాన్ 1878 జనవరి 19న పారిస్ కి ఈశాన్యంగా ఉన్న లాన్ అనే పట్టణంలో పుట్టారు. పుట్టింటి పేరు గ్రో. కలిగిన కుటుంబం. ఆ రోజుల్లో అలాంటి ఇళ్లలో ఆడపిల్లకు చదువంటే మంచి సంబంధం వచ్చేదాకా కాలక్షేపమే. ఆమెకూ పందొమ్మిదో ఏట, 1897లో, హెన్రీ పెర్టా అనే చర్మ వైద్యుడితో పెళ్లి చేశారు.

కథ అక్కడితో ఆగిపోవాల్సింది. కానీ ఆగలేదు. భర్త వృత్తిని దగ్గర నుంచి చూసిన సుజాన్ కు తనూ డాక్టర్ కావాలనిపించింది. అప్పటి ఫ్రాన్స్ లో భర్త ఒప్పుకోకుండా పెళ్లయిన స్త్రీ ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఆ నిబంధన 1965 దాకా పోలేదంటే నమ్ముతారా? అదృష్టవశాత్తు పెర్టా అడ్డు చెప్పలేదు. 1905లో, ఇరవై ఏడేళ్ల వయసులో, ఆమె తిరిగి పుస్తకం పట్టారు. 1908లో కూతురు జాక్వెలీన్ పుట్టింది. పాప పనులు, ఆస్పత్రి వార్డులు, పరీక్షలు అన్నీ ఒకేసారి. మన ఇళ్లలో పిల్లల్ని నిద్రపుచ్చి పరీక్షలకు చదివినవాళ్లకు ఆ కష్టం వేరే చెప్పక్కర్లేదు.

సెయింట్ లూయీ ఆస్పత్రిలో ఆమెకు దొరికిన గురువు హిప్పోలైట్ మొరెస్టాన్. కరీబియన్ దీవుల్లోని మార్టినిక్ లో పుట్టిన ఈయన దెబ్బతిన్న ముఖాలను, దవడలను బాగుచేయడంలో దిట్ట. కోత ఎక్కడ పెడితే మచ్చ కనబడదు, చర్మాన్ని ఎంత లాగితే కుట్టు నిలుస్తుంది అనే విద్య ఆమె ఆయన దగ్గరే నేర్చుకున్నారు. అదే ఆస్పత్రిలో పేరున్న చర్మ వైద్యుడు బ్రోక్ దగ్గరా పనిచేశారు. చర్మం, కత్తి రెండూ తెలిసిన డాక్టర్ అలా తయారైంది.

ఒక నటి ముఖం

1912లో సారా బెర్నార్డ్ అమెరికా నుంచి తిరిగొచ్చారు. అప్పటికి ఆమె ప్రపంచమంతా తెలిసిన రంగస్థల నటి. వయసు అరవై ఎనిమిది దగ్గర. అమెరికాలో ఒక సర్జన్ ఆమె తల మీద జుట్టులోపల కొంత చర్మం కత్తిరించి కుట్టాడనీ, ముఖం చిన్నదైందనీ పత్రికలు రాశాయి. నుదురు నున్నబడింది గానీ బుగ్గలు, గడ్డం కింద వదులు అలాగే ఉన్నాయి.

సుజాన్ కు ఆ వార్త పట్టుకుంది. అద్దం ముందు నిలబడి తన ముఖం మీది చర్మాన్ని వేళ్లతో పట్టి, అటూ ఇటూ లాగి చూసుకున్నారు. చెవి ముందు చిటికెడు చర్మం పట్టుకుంటే బుగ్గ ఎంత పైకి వస్తుంది? చెవి వెనక పట్టుకుంటే మెడ ఎంత బిగుస్తుంది? మీరూ ఒకసారి అద్దం ముందు చేసి చూడండి. ఫేస్ లిఫ్ట్ వెనకున్న మొదటి ఆలోచన మీకు వేళ్లతోనే అర్థమవుతుంది. మత్తిచ్చిన కుందేళ్ల మీద చర్మం సాగే గుణాన్ని పరీక్షించిన తర్వాతే ఆమె మనుషుల మీద కత్తి పెట్టారని చెబుతారు.

ఇలాంటి ఆపరేషన్ ఆమెతోనే మొదలు కాలేదు. బెర్లిన్ లాంటి చోట్ల ఒకరిద్దరు మగ సర్జన్లు అంతకు ముందే గుట్టుగా చేశారు. గుట్టుగా ఎందుకంటే, రోగం లేని మనిషికి అందం కోసం కోత పెట్టడం సాటి డాక్టర్ల దృష్టిలో నామోషీ. సుజాన్ దాన్ని బాహాటంగా చేశారు, ఎలా చేశారో రాసి పెట్టారు.

యుద్ధం నేర్పిన విద్య

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. కందకాల్లో నిలబడే సైనికుల శరీరం దాక్కునేది, తల మాత్రం పైకి ఉండేది. తూటాలు, గుండు ముక్కలు ముఖాలకే తగిలేవి. ముక్కు లేక, దవడ లేక వేలమంది తిరిగొచ్చారు. పారిస్ లోని వాల్ ద గ్రాస్ సైనిక ఆస్పత్రిలో మొరెస్టాన్ వాళ్లకు ముఖాలు తిరిగి కట్టారు. ఆయన పని చూసే ఇంగ్లండ్ కు చెందిన హెరాల్డ్ గిలీస్ ఈ దారి పట్టి, తర్వాత ప్లాస్టిక్ సర్జరీకి పెద్ద దిక్కయ్యాడు. సుజాన్ కూడా 1916 నుంచి తియరీ ద మార్టెల్ అనే సర్జన్ దగ్గర గాయపడ్డ సైనికులకు చికిత్స చేస్తూ చెయ్యి తిప్పుకున్నారు.

ఇక్కడ మన దేశం ముచ్చట ఒకటి చెప్పాలి. ఒకచోట చర్మాన్ని మరోచోటికి జరిపి ముక్కు కట్టే విద్య ఐరోపా వాళ్లు మన దగ్గర నుంచి కూడా నేర్చుకున్నదే. సుశ్రుతుడి పేరు మీరు వినే ఉంటారు. 1794లో లండన్ పత్రిక జెంటిల్మన్స్ మ్యాగజైన్ లో, ముక్కు కోసేసిన కావస్జీ అనే బండి తోలేవాడికి మన దేశపు వైద్యుడు నుదుటి చర్మంతో ముక్కు చేసిన సంగతి బొమ్మతో సహా వచ్చింది. దాన్ని చదివిన జోసెఫ్ కార్ప్యూ 1814లో లండన్ లో అదే ఆపరేషన్ చేశాడు. నుదుటి చర్మంతో ముక్కు కట్టడం ఇప్పటికీ వాడుకలో ఉంది.

యుద్ధం సుజాన్ ఇంటినీ వదల్లేదు. 1918లో భర్త పెర్టా చనిపోయారు. మరుసటి సంవత్సరం ఆమె తనతో పాటు వైద్యం చదివిన ఆంద్రే నోయెల్ ని పెళ్లి చేసుకున్నారు. చేతిలో విద్య ఉన్నా చివరి థీసిస్ ఇవ్వకపోవడంతో ఆమెకింకా డాక్టర్ పట్టా లేదు. అందుకని కొంతకాలం భర్త పేరు చాటునే ప్రాక్టీసు నడిచింది.

పొద్దున ఆపరేషన్, సాయంత్రం ఇంటికి

సుజాన్ ఆపరేషన్ చేసింది పెద్ద ఆస్పత్రిలో కాదు, పారిస్ లోని తన ఇంట్లో. పూర్తి మత్తు ఇచ్చేవారు కాదు. కోత పెట్టే చోటు మాత్రమే మొద్దుబారేలా ఇంజెక్షన్ చేసేవారు. ముందు ముఖాన్ని కొలిచేవారు, ఫొటో తీసేవారు. బట్టలు కుట్టే ముందు కాగితం మీద కత్తిరింపు గీసుకుంటాం చూడండి, అలాగే చర్మం ఎంత తీయాలో అచ్చులతో గుర్తు పెట్టుకునేవారు. జుట్టు మొదలయ్యే చోట, చెవి ముందు, చెవి వెనక చిన్న చిన్న ముక్కలుగా చర్మం తీసి సన్నని కుట్లు వేసేవారు. కుట్ల మీద జుట్టు దువ్వుకుని, టోపీ పెట్టుకుని ఆ పేషెంటు అదే రోజు ఇంటికెళ్లిపోయేది.

ఎందుకంత తొందర? పనిచేసుకునే మనిషి నెలరోజులు మంచం మీద ఉంటే ఉద్యోగం ఉండదు కాబట్టి. ఒకేసారి పెద్ద కోత పెట్టే బదులు చిన్న ఆపరేషన్, కావాలంటే కొంతకాలం తర్వాత మరోటి అన్నది ఆమె పద్ధతి. డబ్బున్నవాళ్ల దగ్గర ఫీజు తీసుకుని, లేనివాళ్లకు ఊరికే చేసేవారు. ముఖమే కాదు, కనురెప్పలు, వక్షోజాలు, పొట్ట ఆపరేషన్లు కూడా చేశారు.

ఆమె పద్ధతిలో ఒక లోపం ఉంది. పై చర్మాన్ని మాత్రమే లాగి కుడితే అది కొన్నాళ్లకు మళ్లీ సాగుతుంది. చర్మం కింద ముఖ కండరాలను కప్పి ఉంచే గట్టి పొర ఒకటి ఉంటుంది. 1976లో మిట్జ్, పెరోనీ అనే ఇద్దరు ఫ్రెంచి డాక్టర్లు దాన్ని వివరంగా రాశాక, సర్జన్లు ఆ పొరనే బిగించి, దాని మీద చర్మాన్ని లాగకుండా సర్దడం మొదలుపెట్టారు. ఇప్పటి ఫేస్ లిఫ్ట్ అందుకే ఏడు నుంచి పదేళ్ల దాకా నిలుస్తుంది. వయసు ఆగదు, కొంచెం వెనక్కి జరుగుతుందంతే. ఆపరేషన్ పెద్దదైంది కాబట్టి జాగ్రత్తలూ పెరిగాయి. చర్మం కింద రక్తం చేరి గడ్డకట్టడం, ముఖాన్ని కదిలించే నరానికి దెబ్బ తగలడం, మచ్చ లావెక్కడం దీని ముఖ్యమైన ఇబ్బందులు. వాపు, కమిలిన మరకలు తగ్గడానికి రెండు మూడు వారాలు పడుతుంది. పొగ తాగేవాళ్లకు చర్మానికి రక్తం సరిగా అందక గాయం మానదు.

దుఃఖం మీద దుఃఖం

1922లో కూతురు జాక్వెలీన్ జబ్బు చేసి చనిపోయింది. పద్నాలుగేళ్లయినా సరిగా నిండని పిల్ల. ఆంద్రే ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు. మనసు చెదిరిపోయింది. 1924లో సేన్ నదిలో దూకి ప్రాణం తీసుకున్నాడు. నలభై ఆరేళ్లకే సుజాన్ ఇద్దరు భర్తలను, ఒక్కగానొక్క బిడ్డను పోగొట్టుకున్నారు.

మరొకరైతే తలుపులేసుకుని కూర్చునేవారేమో. ఆమె మాత్రం మరుసటి ఏడాది, 1925లో, థీసిస్ ఇచ్చి డాక్టర్ పట్టా తీసుకున్నారు. ఎవరి పేరు చాటునా దాక్కోకుండా తన పేరుతో బోర్డు పెట్టుకోగలిగింది అప్పుడే. 1926లో పుస్తకం రాశారు. సౌందర్య శస్త్రచికిత్స, దాని సామాజిక పాత్ర అన్నది దాని పేరుకు అర్థం. ఆపరేషన్ ముందు, తర్వాత తీసిన ఫొటోలు, కొలతలు, కోతల వివరాలు అన్నీ అందులో ఉన్నాయి. అవి ఎంత ముఖ్యమో, వాటితో పాటు రాసిన మనుషుల కథలూ అంతే ముఖ్యమని నాకనిపిస్తుంది. వయసు కనబడి పని దొరకనివాళ్లు, ఇంటి ఖర్చు మోయాల్సినవాళ్లు ఆ పుస్తకంలో కనిపిస్తారు. ముఖం సరిచేయించుకోవడం షోకు కాదు, వాళ్లకది అవసరం అన్నది ఆమె వాదన. 1932లో అది జర్మన్ భాషలోకి కూడా వెళ్లింది.

అదే ఊళ్లో జరిగిన అనర్థాలు

ఇదంతా చదివి, అప్పట్లో అన్నీ సజావుగా జరిగేవని అనుకోకండి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ముడతలకు, చప్పిడి ముక్కుకు కరిగించిన పారఫిన్ మైనాన్ని ఇంజెక్షన్ చేసేవారు. మొదటి రోజుల్లో ముఖం నిండుగా కనిపించేది. తర్వాత ఆ మైనం కిందికి జారి గడ్డలు కట్టేది, పుళ్లు పడేది. అందానికి పేరుపడ్డ గ్లాడిస్ డీకన్ ముక్కులో పారఫిన్ పెట్టించుకుని, అది గడ్డం వైపు జారి జీవితాంతం బాధపడింది.

1928లో పారిస్ లోనే ఒక ఫ్యాషన్ దుస్తుల తయారీదారు తన కాళ్లు లావుగా ఉన్నాయని సన్నగా చేయించుకోవడానికి ఆపరేషన్ చేయించుకుంది. కాలు కుళ్లిపోయి తీసేయాల్సి వచ్చింది. 1929లో కోర్టు ఆ సర్జన్ నష్టపరిహారం కట్టాలని తీర్పు చెప్పింది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి అందం కోసం కోత పెట్టొచ్చా అని ఫ్రాన్స్ అంతా చర్చ జరిగింది. ఇంత జరుగుతున్న రోజుల్లో సుజాన్ చిన్న కోతలకు, కొలతలకు, ఫొటోలకు ఎందుకంత పట్టుబట్టారో దీన్నిబట్టి తెలుస్తుంది.

టోపీకి కట్టిన రిబ్బన్

భర్త పోయిన ఆ 1924లోనే ఆమె ఇంకో పని మొదలుపెట్టారు. అమెరికాలో 1921లో పుట్టిన సొరాప్టిమిస్ట్ అనే ఉద్యోగినుల సంఘానికి పారిస్ లో శాఖ పెట్టారు. ఐరోపా ప్రధాన భూభాగంలో అదే మొదటిది. డాక్టర్లు, లాయర్లు, రచయిత్రులు, వ్యాపారం చేసుకునే ఆడవాళ్లు అందులో చేరారు. తర్వాత ఆపరేషన్లు, ఉపన్యాసాల కోసం ఏ ఊరు వెళ్లినా అక్కడ ఒక శాఖ పెట్టి రావడం ఆమెకు అలవాటైంది. హేగ్, మిలాన్, వియన్నా, బెర్లిన్... ఇలా పెరిగిన సంఘాలకు 1930లో ఐరోపా సమాఖ్య ఏర్పడితే మొదటి అధ్యక్షురాలు ఆమే. మన దేశంలోనూ సొరాప్టిమిస్ట్ క్లబ్బులున్నాయి.

ఓటు హక్కు కావాలనే మాట రాసిన రిబ్బన్ ను టోపీకి కట్టుకుని ఆమె పారిస్ వీధుల్లో తిరిగేవారు. ఓటు లేని ఆడవాళ్లు పన్ను మాత్రం ఎందుకు కట్టాలి, మానేయండి అని పిలుపునిచ్చారు. 1928లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఆమెకు లెజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది. పతకం ఇచ్చిన దేశం ఓటు ఇవ్వడానికి మాత్రం 1944 దాకా ఆగింది. ఫ్రెంచి స్త్రీలు మొదటిసారి ఓటేసింది 1945లో. అప్పటికి సుజాన్ కు అరవై ఏడేళ్లు.

ఆమెను తప్పుపట్టేవాళ్లూ ఉన్నారు. ముసలితనం కనబడితే పని ఇవ్వని సమాజాన్ని మార్చాలి గానీ, ఆడవాళ్ల ముఖాల్ని మారుస్తారా అని వాళ్ల ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. నేనూ చాలాసార్లు ఆలోచించాను. చట్టం మారడానికి ముప్పై ఏళ్లు పడితే, రేపు పొద్దున ఉద్యోగం పోయే మనిషి అంతవరకూ ఆగలేదు కదా. ఆమె కత్తి ఆ మనిషి కోసం, సంఘాలు, రిబ్బను తర్వాత వచ్చే ఆడపిల్లల కోసం. రెండిట్లో ఏ ఒక్కటే చేసి ఊరుకున్నా నేనీ వ్యాసం రాసేదాన్ని కాదు.

1936 ప్రాంతంలో ఆమె కంటి చూపు దెబ్బతింది. ఆపరేషన్ తర్వాత మళ్లీ పనిలోకి దిగారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ పోలీసులు వెతుకుతున్నవాళ్లకు గుర్తుపట్టకుండా ముఖాలు మార్చారని, యుద్ధం ముగిశాక నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడ్డవాళ్లకు చికిత్స చేశారని చెబుతారు. 1954 నవంబర్ 11న పారిస్ లో కన్నుమూశారు. ప్లాస్టిక్ సర్జరీ నేర్చుకునే మహిళా డాక్టర్లకు సాయం చేయడానికి ఆమె పేరిట ఒక నిధి ఉంది.

మరి ఇప్పుడు మన సంగతి

సుజాన్ కాలంలో లేని మార్గాలు ఇప్పుడు చాలా వచ్చాయి. నన్ను ఎక్కువగా అడిగేవాటి గురించి క్లుప్తంగా చెబుతాను.

బొటాక్స్: కనుబొమల మధ్య, నుదుటి మీద ముఖం కదిపినప్పుడు పడే ముడతలకు వేసే ఇంజెక్షన్. కండరాన్ని తాత్కాలికంగా సడలిస్తుంది. కొద్ది రోజుల్లో పనిచేయడం మొదలై మూడు నాలుగు నెలలు ఉంటుంది. అప్పుడప్పుడు కనురెప్ప కొన్ని వారాలు వాలిపోవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వేయించుకోకూడదు.

ఫిల్లర్: గుంటలు పడ్డ చోట నింపే జెల్. ఎక్కువగా వాడే రకం హయలురానిక్ యాసిడ్. రకాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా ఉంటుంది. పొరపాటున రక్తనాళంలోకి వెళితే చర్మం చచ్చుపడొచ్చు, అరుదుగా చూపు పోవచ్చు. దాన్ని కరిగించే మందు దగ్గరుంచుకుని, ముఖంలోని రక్తనాళాలు ఎక్కడున్నాయో తెలిసిన డాక్టర్ మాత్రమే చేయాలి. పార్లర్ లో చేయించుకునే పని కాదు.

కెమికల్ పీల్: గ్లైకాలిక్ యాసిడ్ లాంటివి రాసి పై పొర ఊడొచ్చేలా చేయడం. మచ్చలు, సన్నని గీతలు తగ్గుతాయి. పై పైన చేసే పీల్ కు పెద్దగా విశ్రాంతి అక్కర్లేదు. ఫినాల్ తో చేసే లోతైన పీల్ గుండె లయను దెబ్బతీయగలదు, అది వేరే స్థాయి చికిత్స.

లేజర్: మొటిమల గుంటలకు, మచ్చలకు, అక్కరలేని వెంట్రుకలకు వేర్వేరు లేజర్లున్నాయి. మనలాంటి చామనఛాయ చర్మానికి లేజర్ అయినా, పీల్ అయినా ముఖ్యమైన ప్రమాదం నల్ల మచ్చలు పడటం. తెల్ల చర్మానికి పెట్టే మోతాదు మనకు పెడితే కాలుతుంది. ముందు చిన్న చోట పరీక్షించి చూడమని అడగండి. తర్వాత నెలల తరబడి ఎండ తగలకుండా సన్ స్క్రీన్ రాసుకోవాలి. అంత ఓపిక లేకపోతే మొదలుపెట్టకపోవడమే మేలు.

కనురెప్పల ఆపరేషన్: పై రెప్పల వేలాడే చర్మం, కింద సంచులు తీసేస్తారు. ఫలితం ఏళ్ల తరబడి ఉంటుంది. కళ్లు పొడిబారే జబ్బున్నవాళ్లు ముందే చెప్పాలి.

లైపోసక్షన్: ఒకచోట పేరుకున్న కొవ్వును గొట్టంతో లాగేయడం. ఇది బరువు తగ్గించే వైద్యం కాదు. డెబ్బై కిలోల మనిషి యాభై అయిపోదు. తిండి, నడక మారకపోతే కొవ్వు మళ్లీ చేరుతుంది.

తెల్లబరిచే క్రీములు, ఇంజెక్షన్లు: వీటి జోలికే వెళ్లొద్దని నా సలహా. స్టెరాయిడ్ కలిసిన క్రీములు వాడి ముఖం ఎర్రబడి, పల్చబడి, వెంట్రుకలు మొలిచినవాళ్లను ఎందరినో చూస్తున్నాను. 2018లో మన ప్రభుత్వం చాలా స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదంది. అయినా మందుల షాపులో అడిగి కొనేవాళ్లు తగ్గలేదు. రంగు తేలడానికి నరంలోకి ఎక్కించే గ్లూటాథయాన్ కు నమ్మదగ్గ రుజువు లేదు, ప్రమాదాలు మాత్రం ఉన్నాయి.

ఒప్పుకునే ముందు అడగండి

చేసేది ఎవరు? శస్త్రచికిత్స అయితే ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. లేదా డి.ఎన్.బి. ఉందా? చర్మ చికిత్స అయితే చర్మ వ్యాధుల్లో ఎం.డి. లేదా డిప్లొమా ఉందా? వైద్య మండలిలో రిజిస్టర్ అయ్యారా? నెల రోజుల కోర్సు చేసి గోడకు తగిలించిన సర్టిఫికెట్ డిగ్రీ కాదు.

ఇలాంటివి వాళ్లు ఎన్ని చేశారు? మీలాంటి ఛాయ ఉన్నవాళ్లకు చేసిన ఫొటోలు చూపిస్తారా? ఫలితం ఎన్నాళ్లుంటుంది, మళ్లీ మళ్లీ ఖర్చెంత? ఏదైనా తేడా వస్తే రాత్రివేళ ఎవరికి ఫోన్ చేయాలి? పూర్తి మత్తు ఇస్తే మత్తు డాక్టర్ వేరే ఉంటారా?

మీరు చెప్పాల్సినవీ ఉన్నాయి. షుగరు, బీపీ, రక్తం పల్చబరిచే మందులు, మొటిమలకు వేసుకునే మాత్రలు, చెవి కుట్టించుకున్న చోట గడ్డలా పెరిగిన మచ్చ... ఏదీ దాచొద్దు. అలాంటి మచ్చ వచ్చినవాళ్లకు ప్రతి కోతా అలాగే పెరగొచ్చు.

చివరిగా ఒకటి మిమ్మల్ని మీరు అడగండి. ఇది ఎవరి కోరిక? అద్దంలో రోజూ చూసుకుంటున్న మీది అయితే, లాభనష్టాలు తెలుసుకుని నిబ్బరంగా చేయించుకోండి, సిగ్గుపడాల్సింది లేదు. పెళ్లిచూపుల్లో ఎవరో అన్నారనో, ఆయన ముఖం తిప్పుకుంటున్నారనో అయితే ఒక నెల ఆగండి. ఆ నెలలో దగ్గరివాళ్లతో మాట్లాడండి, మనసు బాగా కుంగితే మానసిక వైద్యుల్ని కలవండి. అత్తగారో, ఆడపడుచో మిమ్మల్ని నా గదిలో కూర్చోబెట్టి మీ తరఫున మాట్లాడితే, వాళ్లను కాసేపు బయట కూర్చోమని మీతోనే మాట్లాడతాను. మీరు వెళ్లే డాక్టర్ కూడా అలా అడిగితే నొచ్చుకోకండి, సరైన చోటికే వచ్చారన్నమాట.